రాత్రి పదింటికి పొద్దు వాలే ఊరు

డిసెంబర్ మూడో వారంలో విశాఖపట్నంలో సూర్యుడు సాయంత్రం సుమారు 5 గంటల 27 నిమిషాలకే అస్తమిస్తాడు. ఆరింటికి ఆఫీసు విడిచి రామకృష్ణా బీచ్‌కు చేరుకునేవారికి అప్పటికే సముద్రం నల్లబడి, వీధి దీపాల వెలుగే మిగిలి ఉంటుంది. అదే రోజుల్లో దక్షిణ అమెరికా కొట్టకొనన ఉన్న అర్జెంటీనా నగరం ఉషువాయాలో రాత్రి 10 గంటల 11 నిమిషాల దాకా పొద్దు వాలదు. కొన్నాళ్లు ఉండి రావడానికి అక్కడికి వెళ్లిన విశాఖవాసి రాత్రి భోజనం ముగించి, తీరం వెంబడి తీరికగా నడిచి వచ్చేదాకా పగలు అతని కోసం ఆగుతుంది. ఈ 4 గంటల 44 నిమిషాల తేడాను సాధారణంగా భూమి వంపు పేరు చెప్పి సరిపెట్టేస్తాం. లెక్క వేసి చూస్తే అందులో దాదాపు మూడింట రెండు వంతులకే ఆకాశం కారణం. మిగిలినదంతా మనుషులు గడియారాన్ని పెట్టుకున్న తీరు వల్ల వచ్చింది.

ముందు ఆకాశం సంగతి. భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉండటం వల్ల, మనకు ధనుర్మాసపు చలి మొదలయ్యే వేళకు దక్షిణార్ధగోళం సూర్యుడి వైపు ఒరిగి నడివేసవిలో ఉంటుంది. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఆ రోజు పగలు 11 గంటలకు కాస్త ఎక్కువ, ఉషువాయా 54.8 డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద ఉంది కాబట్టి అక్కడ పగలు 17 గంటల 20 నిమిషాలు. పగటిలో సగం మధ్యాహ్నానికి ముందు, సగం తరువాత వస్తుంది గనుక, సాయంత్రానికి దక్కే అదనపు వెలుతురు సుమారు 3 గంటల 8 నిమిషాలు. మాస్కో భూమధ్యరేఖకు ఇంతకన్నా దూరంలోనే ఉంది. అయితే ఉత్తరాన ఆ అక్షాంశాల్లో మహానగరాలే ఉంటే, దక్షిణాన ఉషువాయా దాటాక కొద్దిపాటి దీవులు, ఆ తరువాత అంటార్కిటికా దాకా సముద్రమే. ఆ చల్లని సముద్రమూ, విడవకుండా వీచే పడమటి గాలులూ కలిసి వేసవి మధ్యాహ్నాన్ని కూడా 15 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లోనే ఆపేస్తాయి. డిసెంబర్ మిట్టమధ్యాహ్నం సూర్యుడు విశాఖలో 49 డిగ్రీల ఎత్తుకు వస్తే ఉషువాయాలో 58 డిగ్రీలు దాటుతాడని తెలిసినప్పుడు, ఎండ ఎత్తుకూ ఊరి వేడికీ మధ్య సముద్రం ఎంత అడ్డుపడగలదో అర్థమవుతుంది.

ఆ సాయంత్రాల అందమంతా సూర్యుడు దిగే తీరులో ఉందని నా అభిప్రాయం. డిసెంబర్ చివర విశాఖలో సూర్యుడి దారి క్షితిజంతో 70 డిగ్రీల కోణం చేస్తుంది, అంటే దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు. ఉషువాయాలో ఆ కోణం 27 డిగ్రీలే, కనుక ఏటవాలు గట్టు మీద నుంచి జారినట్టు నైరుతి దిక్కుకు మెల్లగా ఒరుగుతాడు. చివరి పది డిగ్రీల ఎత్తు దిగడానికి మన దగ్గర సుమారు 50 నిమిషాలు పడితే అక్కడ గంటన్నర పడుతుంది. ఆ గంటన్నరా కాంతి మందమైన గాలి పొరల్లోంచి ఏటవాలుగా వచ్చి, నీలి కిరణాలను దారిలో పోగొట్టుకుని, పసుపు, నారింజ రంగుల్లో ఊరి వెనుక మార్షల్ పర్వతాల మీద పడుతుంది. అస్తమయం తరువాత సూర్యుడు క్షితిజానికి 6 డిగ్రీల కిందికి వెళ్లేదాకా ఉండే వెలుతురును పౌర సంధ్య అంటారు. దీపం లేకుండా బయట పనులు చేసుకోగలిగే వేళ అది. విశాఖలో ఇది 24 నిమిషాలకు మించదు, ఉషువాయాలో సుమారు 57 నిమిషాలు ఉంటుంది. ఆ తరువాత కూడా పూర్తి చీకటి రాదు. ఆ రోజుల్లో అర్ధరాత్రి సైతం సూర్యుడు 12 డిగ్రీల లోతుకు చేరడు. నక్షత్రాలను చూడాలనుకునేవారు మాత్రం ఆ నెలలో నిరాశపడక తప్పదు.

ఇక మిగిలిన గంటా 36 నిమిషాల మాట. భారత ప్రామాణిక సమయానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. విశాఖ దానికి ఒక డిగ్రీ లోపే ఉంది కాబట్టి మన గడియారమూ సూర్యుడూ మూడు నిమిషాల తేడాతో కలిసి నడుస్తాయి, ఆపైన ఋతువును బట్టి వచ్చే హెచ్చుతగ్గులు దాదాపు పావుగంట లోపే. ఉషువాయా 68 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉన్నా, అక్కడి గడియారం నడిచేది 45 డిగ్రీల పశ్చిమ రేఖాంశాన్ని బట్టి. ఆ రేఖ అర్జెంటీనా నేలను తాకనే తాకదు, బ్రెజిల్ మీదుగా పోతుంది. అందుకే అక్కడ సూర్యుడు నడినెత్తికి చేరేసరికి గడియారంలో ఒంటిగంటన్నర అవుతుంది. వేసవి ఉదయం నిద్రలో వృథాగా పోయే వెలుతురును సాయంత్రానికి తరలించాలన్న ఆలోచనను 1895లో న్యూజిలాండ్‌కు చెందిన జార్జ్ హడ్సన్ వెల్లింగ్టన్‌లోని శాస్త్రజ్ఞుల సభ ముందు పెట్టాడు. తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ ఖాళీ వేళల్లో కీటకాలను సేకరించే ఆయన, వేసవిలో గడియారాన్ని రెండు గంటలు ముందుకు జరపమన్నాడు. దక్షిణార్ధగోళపు సాయంత్రాలను మనసారా కోరుకున్న మనిషి మాట అది.

శరీరానికి ఈ వెలుతురు అంత తేలిక కాదు. కంటి లోపలి వెనుక పొర అయిన రెటీనాలో మెలనాప్సిన్ అనే వర్ణకం ఉన్న కణాలు, ముఖ్యంగా నీలికాంతిని గ్రహించి, ఇంకా పగలేనని మెదడుకు చెబుతాయి; నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ హార్మోన్ ఆలస్యమవుతుంది. చీకటి పడగానే ఆవులించడానికి అలవాటైన మనకు అక్కడ రాత్రి పదకొండైనా నిద్ర రాకపోవడంలో వింతేమీ లేదు. తెల్లవారుజామున ఐదు కాకముందే మళ్లీ ఎండ వస్తుంది. బస చేసే గదికి మందపాటి తెరలున్నాయో లేదో ముందే కనుక్కోవడం, కిటికీలోంచి కనిపించే దృశ్యం కన్నా ముఖ్యం.

జూన్‌లో ఈ లెక్క తిరగబడుతుంది. ఉషువాయాలో పగలు 7 గంటలకు కొంచెం మించుతుంది. సూర్యుడు ఉదయం దాదాపు పదింటికి వచ్చి సాయంత్రం 5 గంటల 11 నిమిషాలకు వెళ్లిపోతాడు. ముందుకు జరిపిన గడియారం వల్ల పిల్లలు చీకట్లోనే బడికి బయలుదేరాల్సి వస్తుంది. ఇంత తెలిసీ, పొరుగున చిలీలోని పుంటా అరెనాస్ ఉన్న మగల్లానెస్ ప్రాంతం 2017 నుంచి వేసవి గడియారాన్నే, అంటే గంట ముందుకు జరిపిన సమయాన్నే, ఏడాది పొడవునా ఉంచుకుంది. శీతకాలంలో సాయంత్రం నాలుగున్నరకు పడాల్సిన పొద్దు అక్కడిప్పుడు ఐదున్నరకు పడుతుంది, ఉదయం తొమ్మిదింటికి రావాల్సిన సూర్యుడు పదింటికి వస్తాడు.