ఉద్దానం ‘వద్దు’ వెనుక ఉన్న చరిత్ర

పలాస, మందస ప్రాంతంలో కార్గో విమానాశ్రయం కడతామన్న ప్రతిపాదన వచ్చినప్పటి నుంచి ఉద్దానం రైతులు అభ్యంతరం చెబుతూనే ఉన్నారు. ఈ ప్రాంతంవాళ్లు ఏ పనికైనా అడ్డం పడతారని, ఎవరో వెనక ఉండి నడిపిస్తున్నారని దూరాన ఉన్నవారు కొందరు తేలిగ్గా అనేస్తున్నారు. ఈ మాట అన్యాయం. శ్రీకాకుళం జిల్లా ఉత్తర తీరంలో నేల గురించి, నీటి గురించి జనం ఇంత పట్టుదలగా ఎందుకు మాట్లాడతారో తెలియాలంటే 1940 దాకా వెనక్కి వెళ్లాలి.

అప్పట్లో మందస జమీందారీలో అడవి జమీందారుది. నాగలికి కర్ర కావాలన్నా, పొయ్యిలోకి పుల్లలు కావాలన్నా రైతు అతని దయ మీద ఆధారపడాలి. ఆ ఏడాది మార్చిలో పలాసలో దేశవ్యాప్త రైతు సంఘమైన అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. ఆ ఊపులో రైతులు అడవిలోకి వెళ్లి కలప కొట్టుకొచ్చారు. ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసులు రైతులను అరెస్టు చేయబోతే ఊరు ఊరంతా అడ్డుకుంది. కాల్పులు జరిగాయి. ముందు వరుసలో నిలిచిన గర్భవతి సాసుమాన గున్నమ్మ, మరికొందరు రైతులు చనిపోయారు. ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఆమెను వీరగున్నమ్మ అనే పిలుచుకుంటారు. అడవి మీద ఊరికి హక్కు ఉందన్న నమ్మకం అక్కడి ఇళ్లలో ఇలా తాతల నాటి నుంచి దిగివచ్చింది.

అదే తీరంలో ఉన్న సోంపేట కథ 2008లో మొదలైంది. ఆ సెప్టెంబరులో ప్రభుత్వం 1107 నంబరు జీవోతో సుమారు 970 ఎకరాలను నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి ఇచ్చింది. అక్కడ 2,640 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం పెట్టాలన్నది ఆలోచన. కాగితాల మీద అది ఎందుకూ పనికిరాని ప్రభుత్వ భూమి. ఊళ్లవాళ్లకు మాత్రం అది బీల.

బీల అంటే తీరం వెంబడి, ఇసుక మెరకలకు లోపలి వైపున నీరు నిలిచే పల్లపు నేల. మహేంద్రగిరి వైపు నుంచి వచ్చే వాననీరు అక్కడ చేరి, నెమ్మదిగా సముద్రంలోకి పోతుంది. వానాకాలంలో నిండుగా ఉంటుంది. ఎండాకాలంలో నీరు తగ్గిన చోట గడ్డి లేస్తుంది, పశువులు దిగుతాయి. చేపలు పట్టేవారికి అదే చెరువు. ఎత్తిపోతలతో పొలాలకు పారేది ఆ నీరే. చుట్టుపక్కల బావుల్లో తియ్యటి నీరు ఊరుతోందంటే అదీ బీల చలవే. ఆ నీటి మీద ఇన్ని రకాలుగా బతికే మనిషికి, అది బంజరు అని రాసి ఉన్న కాగితం చూపిస్తే కోపం రాకుండా ఎలా ఉంటుంది?

పెద్ద ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి అయింది 1997లో. 2006లో నిబంధనలు మళ్లీ మారాయి. 2009 ఆగస్టులో సోంపేట ప్రాజెక్టుపై సభ జరిగినప్పుడు జనం గట్టిగానే వద్దన్నారు. అయినా పర్యావరణ అనుమతి వచ్చేసింది. పర్యావరణ పరిరక్షణ సమితి పేరుతో రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. రైతులు, మత్స్యకారులు, పట్టణంలోని డాక్టర్లు, వ్యాపారులు ఒకే శిబిరంలో కూర్చున్నారు. అంతవరకూ ఎవరి పని వారు చూసుకునే ఈ మనుషుల్ని కలిపింది బీలే. కేంద్ర విద్యుత్ శాఖ మాజీ కార్యదర్శి ఈ.ఏ.ఎస్. శర్మ వారికి అండగా నిలిచారు. 2010 జులై 14న కంపెనీ పనులు మొదలుపెట్టడానికి వస్తే వేలమంది అడ్డుకున్నారు. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో, పర్యావరణ అనుమతులపై అప్పీళ్లు వినే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. ఆ తీర్పు ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే అన్న బాధ సోంపేటలో ఇంకా చల్లారలేదు. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో, అక్కడివారు తంపర అని పిలిచే చిత్తడి నేలలో, మరో థర్మల్ కేంద్రం విషయంలో మళ్లీ తుపాకులు పేలాయి.

పర్యావరణం గురించి పట్టించుకోవడం కడుపు నిండినవాళ్ల పని అన్న అభిప్రాయం ప్రపంచమంతటా చాలాకాలం చెలామణి అయింది. 1992లో గ్యాలప్ సంస్థ 24 దేశాల్లో చేసిన సర్వేలో పేద దేశాల ప్రజల ఆందోళన సంపన్న దేశాలవారికి ఏమీ తీసిపోలేదని తేలింది. సోంపేట శిబిరంలో కూర్చున్నవారికి ఆ సర్వేతో పని లేదు. నీరు చెడితే తిండి పోతుందని వాళ్లకు తెలుసు.

అందరూ ఒకేలా ఆలోచించలేదన్నదీ నిజమే. ఉద్యోగాలు వస్తాయని, భూముల ధరలు పెరుగుతాయని ప్రాజెక్టును కోరుకున్నవారు ఉన్నారు. బీలతో రోజువారీ సంబంధం లేని చోట అలా అనిపించడంలో వింత లేదు. వలసపోయి సంపాదించుకుంటున్న కుటుంబాలు ఎన్నో ఉన్న ప్రాంతంలో ఉద్యోగం అన్న మాటను తేలిగ్గా కొట్టిపారేయకూడదు కూడా.

ఆ తర్వాతి అనుభవాలు ఈ పట్టుదలను ఇంకా పెంచాయి. ఉద్దానంలో ఇంటింటినీ భయపెడుతున్న కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఏమిటో శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. కారణం తెలియని జబ్బు నడుమ బతికేవారు నీటిలో, గాలిలో కొత్తగా ఏది కలుస్తుందన్నా ఉలిక్కిపడతారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస తోటలు వేళ్లతో సహా కూలిపోయాయి. కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అప్పులు చేసి నాటిన ఆ మొక్కలు కాపు పట్టే వేళకు విమానాశ్రయం మాట వచ్చింది. ఎకరాకు ఎంత ఇస్తారన్న లెక్క దగ్గరే అధికారులు చర్చ మొదలుపెడితే అది ముందుకు సాగదు. ఈ ప్రాంతంలో ఏ నేల ఏ నీటిని పట్టి ఉంచుతోందో, ఎవరెవరు దాని మీద బతుకుతున్నారో ముందు ఊరి మధ్య కూర్చుని రాసుకోవాలి. సోంపేటలో ఆ పని 2008లోనే జరిగి ఉండాల్సింది.