ఎదురుకాళ్ళ తన్ను, నడుం నొప్పి

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. కాన్పులో తలకు బదులు ముందు కాళ్ళు బయటికొచ్చాయన్నమాట. అట్లా పుట్టినవాళ్ళు తన్నితే నడుం నొప్పి పోతుందని నమ్మకం. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు మా ఊళ్ళో ఈ ఒక్క అర్హతతో నాకు ఏడెనిమిదేళ్ళకే వైద్యుడి హోదా దక్కింది. నడుం పట్టినవాళ్ళు పొద్దున్నే మా వాకిట్లోకి వచ్చి, గోడకు చేతులానించి నిలబడేవాళ్ళు. "జర తన్ను బిడ్డా, కలుపుకు పోవాలె" అనేవాళ్ళు. నేను ఎడమకాలి మడమతో నడుం మీద మెల్లగా మూడుసార్లు తన్నేవాణ్ణి. ఫీజు గుప్పెడు పల్లీలు. పది పదిహేను రోజులు తిరిగేసరికి చాలామందికి తగ్గేది. నా పేరు పక్క ఊరికి కూడా పాకింది.

ఆ తన్నులో మహిమేమీ లేదని చెప్పడం తేలికే. మరి నొప్పి ఎట్లా తగ్గింది? కొత్తగా పట్టిన నడుం నొప్పి ఎక్కువమందికి కొద్ది వారాల్లో దానంతటదే చాలావరకు తగ్గుతుంది. మనిషి వైద్యం కోసం బయల్దేరేది నొప్పి బాగా ముదిరిన రోజునే కాబట్టి, ఆ తర్వాత ఎట్లాగూ తగ్గుముఖమే. మధ్యలో ఎవరు చెయ్యి వేస్తే వాళ్ళకు పేరొస్తుంది. నాకు వచ్చింది అట్లాగే. నడుం బెల్టులకూ తైలాలకూ వచ్చే పేరులో కూడా చాలావరకు ఇదే లెక్క.

ఇంకో సంగతి కూడా ఉంది. నాతో తన్నించుకున్న మనిషి మంచం ఎక్కలేదు. ఇక తగ్గుతుందనే ధైర్యంతో మెల్లగా పనిలోకి పోయింది. ఇవాళ డాక్టర్లు చెప్పేదీ అదే. నొప్పి ఓర్చుకోగలిగినంత వరకు నడవాలి, ఇంటిపనులు చేసుకోవాలి. రోజుల తరబడి మంచంలో ఉంటే కండరాలు బలహీనపడి, కోలుకోవడం ఆలస్యమవుతుంది.

నడుములో అయిదు పెద్ద పూసలుంటాయి. పూసకూ పూసకూ మధ్య డిస్కు. చుట్టూ గట్టి నారపొరలు, లోపల నీళ్ళు నిండిన జిగురు పదార్థం. పెద్దవాళ్ళలో ఈ డిస్కు మధ్యభాగానికి నేరుగా రక్తనాళాలు ఉండవు. పోషకాలు పక్కనున్న ఎముక నుంచి మెల్లగా ఊరి రావాల్సిందే. పగలంతా బరువుకు డిస్కులోంచి కొంత నీరు బయటికి పోతుంది, రాత్రి పడుకుంటే మళ్ళీ చేరుతుంది. అందుకే పొద్దున మనం సాయంత్రం కంటే ఓ సెంటీమీటరు పొడవుంటాం. ఉబ్బి బిగువుగా ఉన్న డిస్కులతో లేచీ లేవగానే వంగి నీళ్ళ బిందె ఎత్తితే నడుం కలుక్కుమనడంలో వింతేముంది? నాలుగడుగులు వేసి, ముఖం కడుక్కుని, అప్పుడు ఎత్తితే పోయేదేం లేదు.

బరువు సంగతికొస్తే, జర్మనీలో చేసిన ఒక పరిశోధన 1999లో అచ్చయింది. ఒక మనిషి ఒప్పుకుంటే ఆయన నడుము డిస్కులోకే సన్నని సెన్సర్ పంపి, ఒత్తిడి ఎంతుందో కొలిచారు. పడుకుంటే 0.1 మెగాపాస్కల్, నిలబడితే 0.5. నడుం గుండ్రంగా వంచి 20 కిలోలు ఎత్తితే 2.3. మోకాళ్ళు వంచి ఎత్తితే 1.7. అదే బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుంటే 1.1. ఒక్క మనిషి మీద చేసిన కొలత, పైగా ఒత్తిడి అంటే నొప్పి కాదు. అయినా బరువు ఒంటికి ఎంత దగ్గరుంటే అంత నయమని మాత్రం తెలుస్తుంది. డ్యాముల దగ్గర, కాలువల దగ్గర మట్టి మోసిన పాలమూరు కూలీలకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. కానీ చూడండి, నిండిన తట్టను ఒక్కరే నేల మీంచి నెత్తికెత్తుకోరు. ఇంకొకరు ఓ చెయ్యి వేస్తారు. నెత్తికెక్కాక బరువు వెన్నుపూసకు సూటిగా నిలుస్తుంది.

నాట్లది వేరే బాధ. అక్కడ బరువుండదు, వంగడమే పని. గంటల తరబడి వంగి ఉంటే నడుము వెనకవైపు కండరాలు అలిసిపోతాయి, ఎముకల్ని కలిపే నారలు మెల్లగా సాగుతాయి. మధ్యమధ్యలో లేచి, నడుం మీద చేతులు పెట్టి వెనక్కి విరుచుకునే అలవాటు అందుకే మంచిది. గట్టు మీది ఆసామి దాన్ని బద్ధకం అనుకుంటే ఆయన ఖర్మ.

మహబూబ్‌నగర్‌లో మా అత్తమ్మ స్కానింగ్ ఫిల్మును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ప్రతి పెళ్ళికీ తెస్తుంది. "డిస్కు అరిగిందంట" అని చెప్పి, ఆ రోజు నుంచి వంగడమే మానేసింది. నొప్పి అసలే లేనివాళ్ళ స్కానింగులు వేల సంఖ్యలో పోగుచేసి 2015లో ఒక సమీక్ష వేశారు. ఇరవై ఏళ్ళవాళ్ళలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. ఎనభై ఏళ్ళవాళ్ళలో 96 శాతం మందికి. ఫిల్ములో కనిపించిందంతా నొప్పికి కారణం కాదు. పది మంది నడుం నొప్పివాళ్ళలో తొమ్మిదిమందికి ఫలానా చోట చెడిందని వేలు పెట్టి చూపించలేరు. "డిస్కు జారింది" అంటారు గానీ అది జారే వస్తువు కాదు. నారపొర చీలి లోపలి పదార్థం బయటికి తోసుకొస్తుంది. అది నరాన్ని నొక్కితే కాలు పొడవునా, పిక్క దాకా లాగుతుంది. దీన్నే సయాటికా అంటారు. ఇది కూడా చాలామందికి నెలల్లో ఆపరేషన్ లేకుండానే సర్దుకుంటుంది.

నెలల తరబడి వదలని నడుం నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన సూచనల్లో వ్యాయామం ఉంది. బెల్టులూ, బరువులు కట్టి లాగే ట్రాక్షనూ మామూలుగా వద్దంది. నొప్పి సూదుల మీదా బిళ్ళల మీదా బతకడం మాత్రం ప్రమాదం, కిడ్నీలూ కడుపూ దెబ్బతింటాయి. మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ పోయినా, కాలు చచ్చుబడినా ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి ఉన్నా ఆలస్యం చెయ్యొద్దు. వెన్నుపూసకు టీబీ కూడా రావచ్చు.

నా వైద్యం పనిచెయ్యని మనిషి ఒకాయన ఉండేవాడు. తాత వరస. ఎన్నిసార్లు తన్నినా తగ్గలేదు, ఏడాదికేడాది ఇంకా బిగుసుకుపోయాడు. ఎవరైనా పిలిస్తే మెడ తిరిగేది కాదు, మనిషి మొత్తం తిరిగేవాడు. అది మా నీళ్ళ జబ్బు. గ్రానైట్ రాళ్ళ నుంచి భూగర్భ జలంలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు ఊళ్ళ బోర్లలో చాలాచోట్ల అంతకు ఎన్నో రెట్లుండేది. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు దట్టమవుతాయి, వాటిని కలిపే నారలకు సున్నం పట్టి వెన్ను కర్రలా బిగుస్తుంది. మొదట్లో మామూలు నడుం నొప్పిలాగానే ఉంటుంది. అనుమానం వస్తే ఇంట్లోనే చూసుకోవచ్చు. మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు అందుతాయా? గడ్డం ఛాతీకి ఆనుతుందా? రెండు చేతులూ తల వెనక కలుస్తాయా? కష్టమైతే డాక్టరుకు చూపించి, ఎక్స్‌రే, మూత్ర పరీక్ష చేయించుకోవాలి.

పటికతో, సున్నంతో నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించింది. దాని పేరే నల్గొండ టెక్నిక్. ఇప్పుడు మా ఊరికి కృష్ణా నీళ్ళు నల్లాల్లో వస్తున్నాయి. కానీ ఒకసారి బిగిసిన వెన్నును మళ్ళీ మెత్తబరిచే మందు లేదు. ఊరికి పోయినప్పుడు తాత ఈడువాళ్ళు ఒకరిద్దరు అరుగు మీద కనిపిస్తారు. నేను పక్క నుంచి పలకరిస్తే వాళ్ళు తల తిప్పరు. అందుకని ఎదురుగా వెళ్ళి నిలబడతాను.