వివేకం గురించి అపోహలు - వాస్తవాలు

విశాఖ పెదవాల్తేరులోనో ఎంవీపీ కాలనీలోనో ఓ పాత అపార్ట్‌మెంట్ అనుకోండి. ఉప్పుగాలికి సెల్లార్ పిల్లర్లు పెచ్చులూడుతున్నాయి. మరమ్మతు గురించి ఆదివారం మీటింగు. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ చెప్పినా, మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం వారు (నైయాయికులు) చెప్పినా వివేకం అక్కరకొచ్చేది ఇలాంటి చోటే.

అపోహ: నీతివాక్యాలు నోటికొస్తే వివేకం వచ్చినట్టే.

వాస్తవం: బైబిల్లో సామెతల గ్రంథం 26వ అధ్యాయం తీయండి. మూర్ఖుడికి అతని దారిలోనే జవాబివ్వొద్దని 4వ వచనం, ఇవ్వమని 5వ వచనం. పొరపాటున పక్కపక్కన పడ్డవి కావు. ఇస్తే నువ్వూ అతనిలా అవుతావు, ఇవ్వకపోతే అతను తానే జ్ఞానిననుకుంటాడు. ఏ నష్టం పెద్దదో అక్కడికక్కడ తూచుకోవాల్సిందే. "రంగేస్తే సరిపోతుంది" అనేవాడి మాట పదిమంది నమ్మేలా ఉంటే ఒక్కసారి గట్టిగా జవాబు చెప్పాలి. అదే మనిషి అర్ధరాత్రి వాట్సాప్‌లో రెచ్చగొడితే ఫోను పక్కన పెట్టాలి.

సుమతి పద్యాన్నీ మనం ఇలాగే పాడుచేశాం. "తప్పించుకు తిరుగువాడు ధన్యుడు" అన్న ముక్క పట్టుకుని గోడమీద పిల్లివాటానికి వాడేస్తున్నాం. దానికి ముందు "అన్యుల మనముల్ నొప్పింపక తానొవ్వక" అని రెండు షరతులున్నాయి. వాటికీ ముందు, సమయానికి తగిన మాట ఆడాలని ఉంది. నోరు మూసుకుని జారుకోమని ఎక్కడా లేదు.

అపోహ: తెలివైనవాడే వివేకి.

వాస్తవం: అరిస్టాటిల్ రెంటినీ విడదీశాడు. ఏ పనికైనా దారి వెతికేది తెలివి. ఆ పని చెడ్డదైతే అదే తెలివి జిత్తులమారితనం. కుర్రాళ్లు లెక్కల్లో దిట్టలు కావచ్చు గానీ వివేకులు కావడం కష్టమనీ అన్నాడు, విడివిడి సందర్భాలు చూసిన అనుభవం కావాలి కనుక. అలాగని నెరిసిన తలలన్నీ వివేకంతో నిండి ఉండవు.

అపోహ: వాదించడమంటే మాటల గారడీ.

వాస్తవం: వక్తను జనం నమ్మడానికి అరిస్టాటిల్ మూడు కారణాలు చెప్పాడు: వివేకం, సద్గుణం, వినేవారి మేలు కోరడం. మొదటిది లేకపోతే తప్పు సలహా ఇస్తాడు. రెండోది లేకపోతే తెలిసినా చెప్పడు. మూడోది లేకపోతే మంచివాడే అయినా మేలైన సలహా దాచుకుంటాడు. సెక్రటరీ మాట చెల్లనప్పుడు ఈ మూడింటిలో ఏది లోపించిందో చూడండి.

ఇక వాదం కట్టే పద్ధతికి న్యాయదర్శనంలోని ఐదు అవయవాలను (వాదంలోని భాగాలను) మించినవి మాకు తెలియవు. ప్రతిజ్ఞ (రుజువు చేయాల్సిన మాట): ఈ పిల్లర్లో ఇనుము తుప్పు పట్టింది. హేతువు: పగులు ఊచ వెంబడే సాగి, అందులోంచి తుప్పు మరక కారుతోంది. ఉదాహరణ: ఎక్కడ ఇలా ఉంటే అక్కడ లోపలి ఇనుము తుప్పు పట్టి ఉంటుంది, పెచ్చు కొట్టి చూసిన మెట్ల దగ్గరి పిల్లర్ లాగా. ఉపనయం (దాన్ని ఇక్కడికి అన్వయించడం): ఇక్కడా అలాంటి పగులే, అలాంటి మరకే. నిగమనం: కాబట్టి దీన్లోనూ తుప్పు పట్టింది. చాలామంది హేతువు దగ్గరే ఆగిపోతారు. ఉదాహరణ లేకపోతే ఎదుటివాడికి అది మీ అభిప్రాయంగానే మిగులుతుంది. "చెమ్మగా ఉంది కాబట్టి తుప్పు" అనడం ఇంకో పొరపాటు. పైపు కారినా చెమ్మ ఉంటుంది. హేతువు ఇలా దారి తప్పితే దాన్ని సవ్యభిచారం అన్నారు.

అపోహ: నిజమైతే ఎప్పుడైనా అనేయొచ్చు.

వాస్తవం: భీమిలి రోడ్డులో తొట్లకొండ, బావికొండ బౌద్ధ విహారాల శిథిలాలు చూసొచ్చేవాళ్లు, ఎదుటివారికి నచ్చని మాట మీరు అంటారా అని అడిగిన అభయ రాజకుమారుడికి బుద్ధుడిచ్చిన జవాబు కూడా చదవాలి. అబద్ధం అనకూడదు. నిజమైనా మేలు చేయనిది అనకూడదు. నిజం, మేలు రెండూ ఉంటే, వినేవాడికి చేదైనా తీపైనా, అదను చూసి అనాలి. పసివాడి గొంతులో పుల్ల అడ్డుపడితే నెత్తురొచ్చినా తీస్తాం కదా అన్నది అక్కడి పోలిక. గీత 17వ అధ్యాయం 15వ శ్లోకం కూడా సత్యంతో పాటు హితాన్ని, ఉద్వేగం కలిగించకపోవడాన్ని అడుగుతుంది.

అపోహ: సరైన నిర్ణయం తీసుకుంటే పని అయిపోయినట్టే.

వాస్తవం: మధ్యయుగపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ లెక్కలో వివేకానికి మెట్లు మూడు: ఆలోచన, తీర్పు, ఆజ్ఞ. తొందరపాటు మొదటిదాన్ని చెడగొడుతుంది, పరాకు రెండోదాన్ని, నిలకడలేమి, నిర్లక్ష్యం మూడోదాన్ని. ముఖ్యమైనది మూడోదే అన్నాడాయన. మినిట్స్‌లో "మరమ్మతు చేయించాలి" అని రాసి, ఎవరు, ఏ తేదీలోపు, ఎంతలో అన్నది రాయకపోతే మీటింగు రెండో మెట్టు మీదే ముగిసినట్టు.