పెరట్లో పదిహేడు టన్నులు

డల్లాస్ శివారులో మా బావమరిది ఇల్లు. కొత్తగా వచ్చిన అట్టపెట్టెను ఇద్దరం చెరోవైపు పట్టుకుని పెరట్లోకి తెచ్చేశాం. లోపల ఉక్కు గొట్టాలు, మడతపెట్టిన వినైల్ తొట్టి, చిన్న మోటారు. పదిహేను అడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, గుండ్రటి స్విమ్మింగ్ పూల్. గొయ్యి తవ్వే పని లేదు, నేల మీదే నిలబడుతుంది. "గంటలో బిగించేసి రేపే దూకేద్దాం బావా" అన్నాడు.

నేను కాగితం తీశాను. మూడున్నర అడుగుల మేర నింపితే పట్టేవి దాదాపు 17,500 లీటర్లు. అంటే పదిహేడున్నర టన్నులు. ఇద్దరం మోసుకొచ్చిన పెట్టె రేపు తెల్లారేసరికి లోడెత్తిన లారీ అంత బరువు తూగుతుంది! చదరపు మీటరుకి వెయ్యి కిలోలు దాటుతుంది. హైదరాబాద్‌లో డాబా మీద ఇలాంటిది పెట్టాలనుకునేవాళ్లు ఇక్కడ ఆగాలి. మనుషులు తిరిగే డాబాలను మామూలుగా చదరపు మీటరుకి 150 కిలోల లెక్కన కడతారు.

పచ్చిక చూస్తే క్యారమ్ బోర్డులా ఉంది. అయినా మన తాపీమేస్త్రీల లెవెల్ పైపు గుర్తొచ్చి, సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి రెండు కొసలూ రెండు చివర్ల పట్టుకున్నాం. గొట్టం ఎలా వంగినా నీళ్లు రెండు వైపులా ఒకే మట్టంలో నిలుస్తాయి. అక్కణ్ణుంచి నేలకి టేపు వేస్తే కంచె వైపు ఆరంగుళాల పల్లం తేలింది.

ఆరంగుళాలేగా అనిపిస్తుంది. ఒక వైపు మూడున్నర అడుగుల లోతుంటే ఇంకో వైపు నాలుగు. లోతు పెరిగింది ఏడో వంతే, గోడను తోసే బలం మాత్రం మూడో వంతు దాకా పెరుగుతుంది. లోతుతో పాటు నీటి ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడి తగిలే గోడ ఎత్తూ పెరుగుతుంది. రెండూ గుణించుకుంటాయి. ఇలాంటి పూల్స్ ఒరిగేది, చీలేది పల్లం వైపే.

పల్లంలో మట్టి పోద్దామన్నాడు వాడు. పోసిన మట్టి అంత బరువుకి కుంగకుండా ఉండదు. మెరకనే చెక్కి కిందికి దించాలి. ఆ రోజంతా పార పట్టుకునే గడిచింది. గంట పని అన్నవాడు మధ్యాహ్నానికి చొక్కా విప్పేశాడు.

గుండ్రంగా ఉండటంలోనూ ఒక సుఖముంది. నీటి తోపుడు చుట్టూ సమానంగా పడి, పీపాకి బిగించిన ఇనప కట్టులో లాగా గోడ పొడవునా లాగుడుగా మారిపోతుంది. నలుచదరపు పూల్‌లో అదే తోపుడు గోడను ఉబ్బించబోతుంది, అందుకే దానికి పక్కల ఊతాలు కావాలి.

తోట పైపు రాత్రంతా వదిలితే నిండింది. అసలు చాకిరీ తర్వాతే మొదలు.

బావుల్లో బ్లీచింగ్ పౌడర్ కలపడం చూసిన మనకి క్లోరిన్ కొత్తేం కాదు. అయితే నీళ్లలో పడ్డాక అది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి హైపోక్లోరస్ ఆమ్లం. దానికి విద్యుదావేశం లేదు కాబట్టి సూక్ష్మజీవి గోడ దాటి లోపలికి జొరబడుతుంది. రెండోది హైపోక్లోరైట్ అయాను. రుణావేశం ఉన్న ఇది చాలావరకు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఏది ఎంత ఉండాలో తేల్చేది పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత. 7.5 దగ్గర ఇంచుమించు సగం సగం. 8కి చేరితే చంపే రూపం పాతిక శాతానికి జారుతుంది. క్లోరిన్ అంతే ఉంది, నీళ్లూ తేటగానే ఉన్నాయి, పని మాత్రం సగమైంది. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ పీహెచ్ 7.0–7.8 మధ్య, క్లోరిన్ కనీసం 1 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఒక పాలు) ఉంచమంటుంది.

ఎండ ఇంకో దొంగ. మిట్టమధ్యాహ్నం దాదాపు గంటలోపే సగం క్లోరిన్‌ని హరిస్తుంది. సయన్యూరిక్ ఆమ్లం అనే రసాయనం క్లోరిన్‌కి గొడుగు పడుతుంది, కానీ గొడుగు కింద క్లోరిన్ కాస్త మందకొడిగా పనిచేస్తుంది. అందుకే అది వాడితే క్లోరిన్ కనీసం 2 పీపీఎం ఉండాలి. పూల్‌లో తేలేలా వేసే క్లోరిన్ టాబ్లెట్లలో చాలావాటిలో ఈ ఆమ్లం ఉంటుంది. నీళ్లు ఆవిరైనా అది పోదు, వారం వారం పేరుకుంటుంది. మితిమీరితే కొంత నీళ్లు పారబోసి కొత్తవి పోయడమే మందు.

రెండో వారం ఘాటైన వాసన రాగానే మావాడు క్లోరిన్ తగ్గించబోయాడు. ఆ వాసన క్లోరమైన్లది. చెమటతో, చెప్పకూడదు గానీ పిల్లల ఉచ్చతో, క్లోరిన్ కలిసి పుట్టినవి. వాటిని విరగ్గొట్టాలంటే ఇంకా క్లోరిన్ పడాలి. పొడి క్లోరిన్ అందుకుని, టాబ్లెట్ల డబ్బాలో ఉన్న గరిటెనే అందులో ముంచబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. ఈ రెండూ కలిస్తే మంటలు లేస్తాయి, పేలనూ వచ్చు.

చీకటి పడేలోపు మోటారు చప్పుడు ఆగినా ఆగకపోయినా బయటి నిచ్చెన మాత్రం గ్యారేజీలోకి వెళ్లిపోవాలి. వాళ్ల అమ్మాయికి మూడేళ్లు, పూల్ గోడ దాని తలకంటే ఎత్తు. మొన్న అది కుర్చీ ఈడ్చుకొచ్చి గోడ పక్కన వేసింది. ఇప్పుడు కుర్చీలు కూడా గ్యారేజీలోకే.