ఎండకు విప్పారినా మళ్లీ ముడుచుకునే అణువు

వానలు పడ్డాయంటే విజయవాడ సూర్యారావుపేట ల్యాబుల ముందు జ్వరపీడితుల రద్దీ మొదలవుతుంది. డెంగీ అనుమానం ఉంటే తొలి రోజుల్లో రాసేది ఎన్‌ఎస్‌1 పరీక్ష. వైరస్ సోకిన కణాలు రక్తంలోకి వదిలే ప్రోటీన్ పేరే ఎన్‌ఎస్‌1. కిట్టులోని పట్టీ మీద యాంటీబాడీలు దాన్ని పట్టుకుంటే ఎర్రగీత తేలుతుంది. అయితే యాంటీబాడీ కూడా ప్రోటీనే. వేడికి దాని మడతలు చెదిరితే మళ్లీ కుదురుకోవడం కష్టం. అందుకే ఇలాంటి కిట్లను సాధారణంగా 30 డిగ్రీలు దాటనివ్వవద్దంటారు. ఎండాకాలం 40 దాటే బెజవాడలో, కరెంటు లేని గదిలో ఆ నియమం ఎలా నిలుస్తుంది?

యాంటీబాడీల బదులు వాడదగిన ఆప్టమర్ల మీద నాకు ఆశ కలిగేది ఇక్కడే. ఇవి సాధారణంగా 20 నుంచి 100 న్యూక్లియోటైడ్ల (పోగులోని ఒక్కో పూస లాంటి భాగాల) పొడవుండే డీఎన్‌ఏ లేదా ఆర్‌ఎన్‌ఏ పోగులు. జన్యు సమాచారంతో వీటికి పనిలేదు. తమలో తామే ముడుచుకుని, ఆ ఆకారంతో ఒక ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. డీఎన్‌ఏ ఆప్టమర్ వేడికి విప్పారినా, తగిన లవణ ద్రావణంలో చల్లారితే చాలావరకు తిరిగి ముడుచుకుంటుంది.

తగిన పోగును వెతికే పద్ధతిని 1990లో అమెరికాలో రెండు బృందాలు విడివిడిగా ప్రకటించాయి: ట్యూర్క్, గోల్డ్ ఒకవైపు, ఎలింగ్టన్, షోస్టాక్ మరోవైపు. ఎలాపడితే అలా పేర్చిన సుమారు 100 లక్షల కోట్ల పోగులను లక్ష్య ప్రోటీన్ మీద పోసి, అంటుకోనివాటిని కడిగేస్తారు. మిగిలినవాటికి పీసీఆర్‌ అనే నకళ్లు తీసే పద్ధతితో ప్రతులు తీసి మళ్లీ పోస్తారు, ఈసారి ఇంకా గట్టిగా కడుగుతారు. ఇలా ఎన్నో విడతలు. డెంగీకి దగ్గరి చుట్టమైన జికా వైరస్ ప్రోటీన్‌కూ అంటుకునేవాటిని మధ్యలోనే ఏరిపారేయవచ్చు. నా దృష్టిలో అసలు పనితనం ఈ ఏరివేతలోనే ఉంది; పొరుగు వైరస్‌కూ గీత చూపే పరీక్ష రోగిని దారి తప్పిస్తుంది.

మన దేశంలోనూ ఈ పని సాగుతోంది. మెదడు పొరలకు క్షయ సోకితే వెన్ను ద్రవంలో బ్యాక్టీరియా చాలా తక్కువగా ఉంటుంది, సూక్ష్మదర్శినికి తరచూ చిక్కదు. ఫరీదాబాద్‌లోని టీహెచ్‌ఎస్‌టీఐ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ, ఢిల్లీ ఎయిమ్స్ శాస్త్రవేత్తలు ఆ ద్రవంలో హెచ్‌ఎస్‌పీఎక్స్ అనే క్షయ ప్రోటీన్‌ను పట్టే డీఎన్‌ఏ ఆప్టమర్లను రూపొందించారు.

చికిత్స సంగతి వేరు. 2004లో అమెరికాలో అనుమతి పొందిన తొలి ఆప్టమర్ మందు పెగాప్టనిబ్ కంటి జబ్బుకు, అదీ నేరుగా కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్. రక్తంలోకి వెళ్లిన పోగును ఎంజైములు తునకలు చేస్తాయి, మూత్రపిండాలు త్వరగా వడకట్టేస్తాయి. రసాయన మార్పులతో దాని ఆయువు పెంచుతున్నారు కానీ, అంటురోగాల విషయంలో ముందుగా చేతికి అందేది పరీక్షేనని నా నమ్మకం. అప్పుడైనా ఆప్టమర్ ఒక్కటే వేడికి ఆగితే చాలదు. పట్టీ, గీతకు రంగునిచ్చే రేణువులు, ద్రావణం అన్నీ కలిపి మన మే నెల ఎండలో పరీక్షించి చూడాలి.