దేవుడు నాన్నా, రాజా? యూదుల ప్రార్థన వెనకున్న పాత గొడవ

దేవుడి దగ్గర ఎంత చనువు తీసుకోవచ్చు అనే చర్చ యూదుల్లో రెండు వేల ఏళ్ల నుంచీ ఉంది, దాని మొదట్లోనే ఒక వాన కథ వస్తుంది. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో హోనీ అనే ఆయన కరువు టైంలో నేలమీద గిరి గీసి మధ్యలో నిలబడ్డాడు, వాన పడేదాకా ఇక్కణ్ణించి కదలనని దేవుడికే ఒట్టేసి చెప్పాడు. చినుకులు పడితే చాలదన్నాడు, కుండపోతగా పడితే ఇది కాదన్నాడు, చివరికి సరైన వాన పడింది. అప్పటి పెద్ద షిమోన్ బెన్ షెటాఖ్‌కి ఒళ్లు మండింది. నువ్వు హోనీవి కాకపోతే వెలేసేవాణ్ణి, కానీ ఏం చెయ్యను, తండ్రి దగ్గర కొడుకు మారాం చేసినట్టు చేస్తావు, ఆయనేమో అడిగింది ఇచ్చేస్తాడు అని కబురు పంపాడు. యూదు ధర్మాల పాత సంకలనం మిష్నాలో ఆ కోపాన్నీ ఆ ఒప్పుకోలునీ పక్కపక్కనే ఉంచారు, ఏదీ కొట్టెయ్యలేదు, అదే నాకు చాలా పెద్ద విషయం అనిపిస్తుంది.

మిష్నా మీద చర్చలతో పెరిగిన గ్రంథం తాల్ముద్‌లో ఇంకో కరువు కథ. రబ్బీ (అంటే యూదు గురువు) ఎలియేజర్ 24 దీవెనలు చదివినా చినుకు లేదు, రబ్బీ అకివా లేచి "మా తండ్రీ, మా రాజా" అని పిలిస్తే వాన పడింది. ఆ పిలుపుతోనే యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానా నుంచి ప్రాయశ్చిత్త దినం యోమ్ కిప్పూర్ వరకు ఇప్పటికీ వేడుకుంటారు.

అసలు గొడవ బయటపడింది 18వ శతాబ్దంలో. తూర్పు యూరప్‌లో బాల్ షెమ్ తోవ్ అనే గురువు (1760లో పోయాడు) తర్వాత ఆయన బాట పట్టిన హసీదులు ఊగుతూ పాడుతూ అరుస్తూ ప్రార్థన చేసేవాళ్లు, కొందరైతే పిల్లిమొగ్గలు కూడా వేసేవాళ్లు, మనసు సిద్ధం కాలేదని ప్రార్థన టైం దాటించేవాళ్లు. 1772లో విల్నాలో వాళ్లని వెలేశారు, వెనక ఉన్నది విల్నా గావోన్ అనే అక్కడి మహాపండితుడు. ఆ పెద్దలకి భక్తి లేదనుకుంటే అన్యాయం, ఎందుకంటే అప్పటికి నూరేళ్ల కిందటే సబ్బతై జ్వీ తానే మెస్సయ్యనని, అంటే యూదులు ఎదురుచూసే రక్షకుణ్ణని చెప్పుకుని ధర్మశాస్త్రం మీరి, నమ్మినవాళ్లందర్నీ ఊపేసి, 1666లో ఇస్లాంలోకి మారిపోయాడు, ఆ గాయం ఇంకా మానలేదు. హద్దుల్లేని చనువు ఎక్కడికి తీసుకెళ్తుందో వాళ్లు చూసేశారు.

అటువైపు హసీదుల్లో బెర్దిచెవ్ ఊరి రబ్బీ లెవీ యిత్సాక్, తన జనం పడే కష్టాలకి దేవుణ్ణే నిలదీసేవాడని చెబుతారు, మన రామదాసు రాముణ్ణి నిలదీసినట్టే. కానీ హసీదులంటే ఒట్టి చనువే అనుకోకండి. 1798లో ఫిర్యాదు మీద రష్యా ప్రభుత్వం జైల్లో పెట్టిన లియాదీ ఊరి హసీదు రబ్బీ ష్నెయూర్ జల్మాన్, ప్రేమ భయం రెండూ రెక్కలని, మొదలుపెట్టాల్సింది మాత్రం భయంతోనే అని రాశాడు. గావోన్ శిష్యుడు, వొలోజిన్ ఊరి రబ్బీ ఖయీమ్ కూడా వెలివేతల దారి వదిలి హసీదులకి పుస్తకంతో జవాబిచ్చాడు, అది ఆయన పోయాక 1824లో అచ్చయింది. మనసు ఎంత స్వచ్ఛంగా ఉన్నా ధర్మశాస్త్రం పెట్టిన టైం దాటకూడదు అన్న మాట దగ్గర మాత్రం ఆయన ఇసుమంతైనా తగ్గలేదు.