సప్పుడు చెయ్యని కర్ర

బిడ్డలారా,

సద్దుల బతుకమ్మకు నల్లగొండ వస్తమన్నరు, సంబురం. చిన్నోడు పడమటి దేశాల పెద్ద వాద్యబృందం (ఆర్కెస్ట్రా) గురించి అడిగినదానికి ఫోన్‌ల చెప్పుడు కాలేదు, అందుకే ఈ ఉత్తరం. "వందమంది వాయిస్తుంటే ముందట నిలబడ్డాయన ఒక్క సప్పుడు చెయ్యడు, ఉత్తగ కర్ర ఊపుతడు. ఆయన లేకుంటే ఏమైతది తాతా?" అన్నడు. ఆ ముందటాయననే కండక్టర్ అంటరు.

బతుకమ్మ ఆట యాది చేసుకోండి. పదిమంది ఆడితే చప్పట్లన్నీ ఒక్కటే దెబ్బ పడతయి. వలయం పెద్దగై, ఈ కొస నుంచి ఆ కొసకు 34 మీటర్లు అయ్యిందనుకోండి. సప్పుడు సెకనుకు దగ్గర దగ్గర 340 మీటర్లే పోతది. పాట ఎత్తుకున్నామె చప్పట్లు ఎదురుంగ ఉన్నోళ్లకు సెకనుల పదో వంతు ఆలస్యంగ ఇనబడతయి. వాళ్లు ఇని కొడితే, అది తిరిగి ఈమెను చేరేసరికి ఇంకో పదో వంతు. ఈమె వాళ్ల కోసం ఆగుతది, వాళ్లు ఈమె కోసం ఆగుతరు. పాట ఈడ్చుకపోతది. చెవిని ఇడిచిపెట్టి ఆమె చేతులు చూసి కొడితే ఆ బాధ లేదు. కండక్టర్ కర్ర కూడా కంటి కోసమే.

ఆ కర్ర 30 నుంచి 40 సెంటీమీటర్లు ఉంటది, బెండు పిడి, బరువే ఉండదు. నాలుగు దెబ్బల తాళమైతే కిందికి, ఎడమకు, కుడికి, పైకి. మూడైతే కిందికి, కుడికి, పైకి. అన్నిట్ల కష్టమైంది మొదటి దెబ్బకు ముందు కర్ర లేపుడు. చప్పట్లకు ముందు చేతులు ఇడివడ్డట్టే అది. ఎంత జోరుగ లేస్తదో పాట అంత జోరు. ఊదేటోళ్లు ఆ లేపుడుతోనే ఊపిరి తీస్తరు. మెల్లగ లేపి దబ్బున దించితే సగం మంది ముందు, సగం మంది ఎనుక మొదలుపెడతరు. ఎడమ చెయ్యి గొంతు పెంచమని, తగ్గించమని చెప్తది, చాలాసేపటి నుంచి ఊకున్నోన్ని పిలుస్తది. కుడి చేతికి అద్దం లెక్క ఆడితే అది దండుగే.

కండక్టర్ ముందట పెట్టుకునే స్వరాల పుస్తకంల, పెద్ద పాటలైతే ఒక్కో పేజీకి వాద్యాల వరుసలు ఇరవై దాటుతయి: పైన ఫ్లూట్లు, నడుమ హార్న్‌లు (ఇత్తడి కొమ్ములు), డోళ్లు, అడుగున వయొలిన్లు, అసొంటి తీగ వాద్యాలు. పాటగాళ్ల వరుస వయొలిన్ల వరుసకు పైననే. బి ఫ్లాట్ క్లారినెట్ అనే ఊదే వాద్యానికి సి స్వరం అని రాస్తే ఇనబడేది బి ఫ్లాట్ అనే ఇంకో స్వరం. అది మనసులనే మార్చుకుంట చదవాలె. తప్పు దొర్లితే ఆపి "42వ బార్, హార్న్, జర మెల్లగ" అంటే చాలు (బార్ అంటే తాళం ఒక్క సుట్టు). నలుగురిల తిట్టినోనికి మళ్ల ఎవ్వరూ మనసు పెట్టి వాయించరు.

ఒపెరాల, అంటే పాటలతోనే నడిచే నాటకంల, ఇంకా తిప్పలు. వాద్యాలు స్టేజీ ముందట గుంతల ఉంటయి, పాడేటోళ్లు పైన వేషాలతోని తిరుగుకుంట పాడతరు. తెర ఎనుక పాడే గుంపు కండక్టర్‌ను టీవీల చూసి, జర ముందుగనే గొంతు ఎత్తాలె, లేకుంటే కూసున్నోళ్లకు ఆలస్యంగ ఇనబడతది. అందుకే ముందు పియానో ఒక్కదానితోనే పాటగాళ్లకు సాధకం, తర్వాత కూసోని వాద్యాలతోని, ఆఖరికి స్టేజీ మీద వేషాలతోని. ఆ పియానో వాయించేటోళ్లే రేపటి కండక్టర్లు కావుడు జర్మన్ ఒపెరాల పాత దారి.

మన దేశపోడు జుబిన్ మెహతా ఇంకో దారిల పోయిండు. 1936ల బొంబాయిల పుట్టి, 1954ల వియన్నాకు పోయి డబుల్ బాస్ అనే పెద్ద తీగ వాద్యం వాయించుకుంట ఈ పని నేర్సుకున్నడు. 1958ల లివర్‌పూల్‌ల కండక్టర్ల పోటీ గెలిచిండు. కొన్నేండ్లు మాంట్రియల్, లాస్ ఏంజిలిస్ వాద్యబృందాలు రెండూ ఒక్కసారే నడిపిండు, 1978 నుంచి 1991 దాకా న్యూయార్క్ బృందం. వంద దేశాల భాషలొచ్చినా రాకున్నా, ఆ కర్ర లేపుడు ఏ ఊరోనికైనా తెలుస్తది.

సద్దుల నాడు చెరువు కట్ట మీద, ఆట నుంచి వంద అడుగులు కాదు, వంద మీటర్ల దూరం నిలబడండి. చేతులు కలిసినంక చప్పట్ల సప్పుడు మీ దాకా వచ్చే సందు చూడండి. తర్వాత పాట ఎత్తుకున్నామె పక్కకు పోయి, ఎదురు దిక్కు చప్పట్లు ఇనండి. ఎవరు చూసి కొడుతున్నరు, ఎవరు ఇని కొడుతున్నరు, లెక్కబెట్టి నాకు చెప్పండి.

మీ తాత